నాలుగెకరాల్లో వైకింగ్ పొలం: సంతకం పెట్టే ముందు చూసుకోవాల్సినవి

మీ ప్రశ్న ఇది: ఉత్తర యార్క్‌షైర్‌లో మీరుంటున్న ఊళ్లో చరిత్రంటే ఇష్టమున్న ముప్పై మంది కలిశారు. ఒక రైతు లీజుకిస్తానన్న నాలుగెకరాల్లో వైకింగుల (వెయ్యేళ్ల కిందట స్కాండినేవియా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడినవాళ్ల) కాలం నాటి పొలాన్ని తిరిగి నిలబెట్టాలని అనుకుంటున్నారు. ఇళ్లు, గొర్రెలు, నేత, వంట, బడిపిల్లల రాక, అన్నీ ఉండాలి. జీతగాళ్లు ఉండరు, అందరూ వాలంటీర్లే. మిమ్మల్ని కార్యదర్శిగా ఉండమన్నారు. ఎక్కణ్నుంచి మొదలుపెట్టాలి, ఎన్ని జంతువులు, ఎన్ని ఇళ్లు, మనుషుల్ని ఎలా నిలుపుకోవాలి, మనలాంటి తెలుగువాళ్లు వైకింగుల బట్టల్లో కనిపిస్తే ఎబ్బెట్టుగా ఉండదా అని అడిగారు. నేను ఉత్తర ఇంగ్లండ్‌లోనే ఇలాంటి ఒక పొలంలో చాలా ఏళ్లుగా వాలంటీర్‌ని. గొర్రెల బాధ్యతతో మొదలై రోటా (ఎవరు ఏ రోజు రావాలో చెప్పే వంతుల పట్టిక), కమిటీ పనులు కూడా చూశాను. నాకు తెలిసినంత చెబుతాను.

అన్నిటికంటే ముందు మనుషుల లెక్క తేల్చుకోండి. ఆగస్టు సెలవుల వారాంతంలో ఎంతమంది వస్తారన్నది లెక్కలోకి రాదు. ఆ రోజు ముప్పై మందీ వస్తారు, స్నేహితుల్ని కూడా వెంటబెట్టుకొస్తారు. జనవరిలో ఒక మంగళవారం పొద్దున, తొట్టిలో నీళ్లు గడ్డకట్టి, ఈదురుగాలికి వాన మొహాన కొడుతున్నప్పుడు ఎవరొస్తారు? ఆ వచ్చేవాళ్లు ఎంతమందో మీ పొలం అంతే ఉండాలి. జంతువుల సంఖ్య, ఇళ్ల సంఖ్య, తెరిచి ఉంచే రోజులు, అన్నీ అక్కణ్నుంచే తేలతాయి. మామూలుగా అందరూ దీన్ని తిరగేసి చేస్తారు. వేసవిలో ఉత్సాహంగా ఉన్నప్పుడు పెద్ద పటం గీసేసి, అక్టోబరు దాటాక దాన్ని నలుగురైదుగురి నెత్తిన పెడతారు. ఆ నలుగురూ రెండేళ్లు లాగి, మూడో ఏడు మాట్లాడకుండా తప్పుకుంటారు. వాలంటీర్ల పొలాలు మూతపడేది చాలావరకు ఇలాగే. డబ్బు లేక మూతపడ్డాయని బయటికి చెప్పినా, మనుషులు అలిసిపోవడం దానికి ముందే జరిగి ఉంటుంది.

డెన్మార్క్ వెళ్లి రీబె పక్కనున్న వైకింగ్ సెంటర్‌నో, హోబ్రో దగ్గర ఫ్యూర్కాట్ పొలాన్నో చూసొచ్చి, మనమూ అలా కట్టేద్దామనుకునేవాళ్లు మీ గుంపులో కూడా ఉండే ఉంటారు. రెండూ చూడదగ్గవే. అయితే రీబెలో వాలంటీర్లతో పాటు జీతం తీసుకునే సిబ్బంది ఉన్నారు. ఫ్యూర్కాట్ వెనక ఒక ప్రాంతీయ మ్యూజియం ఉంది. చలికాలంలో సందర్శకులకు తలుపులు మూసుకునే వీలు వాళ్లకుంది, ఆ మూసిన నెలల్లో కూడా పని చూసుకునేవాళ్లు ఉన్నారు. మీ పరిస్థితికి దగ్గరగా ఉన్నది కెంట్‌లోని విచ్‌హర్స్ట్. 1986లో పుట్టిన రెజియా ఆంగ్లోరమ్ అనే సంఘం సభ్యులు తమ చేతులతో, ఏళ్ల తరబడి, కొంచెం కొంచెంగా కట్టుకుంటూ వచ్చిన ఆంగ్లో-సాక్సన్, వైకింగ్ కాలపు నివాసం అది. అక్కడ నేర్చుకోవాల్సింది వాళ్ల ఓపిక. పెద్ద హాలు లేవడానికి ఏళ్లు పట్టినా వాళ్లు తొందరపడలేదు.

ఇక జంతువులు. మొదటి ఏడాది జంతువులు వద్దని నా గట్టి సలహా. కంచె వేయండి, నీళ్లు తెచ్చుకోండి, ఎండుగడ్డి తడవకుండా దాచే చోటు చూసుకోండి. ఒక చలికాలమంతా జంతువులు ఉన్నట్టే రోటా నడపండి. రోజూ ఒకరు వచ్చి గేటు తీసి, కంచె చుట్టూ తిరిగి, తొట్టి చూసి, పుస్తకంలో సంతకం పెట్టి వెళ్లాలి. ఖాళీ పొలానికి రోజూ రావడం ఏమిటని కొందరు విసుక్కుంటారు. ఆ పుస్తకంలో ఎన్ని రోజులు ఖాళీగా మిగిలాయో మార్చిలో చూడండి. జంతువులుంటే ఆ రోజుల్లో వాటికి మేత పడేది కాదు.

రెండో ఏడాది ధైర్యం వస్తే నాలుగైదు విత్తుకొట్టిన పొట్టేళ్లతో మొదలుపెట్టండి. ఈనడం ఉండదు, రాత్రుళ్లు కాపలా ఉండదు, పొట్టేళ్ల కొట్లాటలు తక్కువ. ఒక్క గొర్రెను మాత్రం ఎప్పుడూ ఉంచకండి, మంద లేకపోతే అది బెంగపడుతుంది. జాతి విషయంలో షెట్లాండ్, హెబ్రిడియన్, మ్యాంక్స్ లోక్టన్ లాంటి పాత రకాలు బాగుంటాయి. చిన్న శరీరం, గట్టి గిట్టలు, చలికి తట్టుకునే ఉన్ని. షెట్లాండ్ గొర్రెల్లో కొన్నిటికి వేసవి మొదట్లో ఉన్ని దానంతటదే వదులవుతుంది. కత్తెర లేకుండా చేత్తోనే మెల్లగా లాగి తీయొచ్చు. చూసేవాళ్లకు అదొక అద్భుతం, గొర్రెకు నొప్పి ఉండదు. ఆ ఉన్నిని దువ్వి, కదురు మీద వడికి, రాళ్లు వేలాడే నిలువు మగ్గం మీద నేసేదాకా ఒకే ఉన్ని కథను పిల్లలకు చూపించగలిగితే మీ పొలం సగం విజయం సాధించినట్టే. ఒక చిన్న గుడ్డకు ఎన్ని రోజుల వడుకు కావాలో అప్పుడు వాళ్లకు తెలిసొస్తుంది. వైకింగ్ ఓడ తెరచాప అంతా ఉన్నిదే అని చెబితే నోరు తెరిచి చూస్తారు.

గొర్రెల్లో రెండు విషయాలకు మాత్రం రాజీ లేదు. వేసవిలో ఈగలు ఉన్నిలో గుడ్లు పెట్టి పురుగు పడుతుంది. ఒకట్రెండు రోజులు చూడకపోతే పురుగులు బతికున్న గొర్రె చర్మాన్ని తినేస్తాయి. అందుకే వేసవిలో రోజూ ప్రతి గొర్రె వెనక భాగాన్నీ, నడకనూ చూడాలి. తోక ఆడించడం, వెనక్కి తిరిగి కొరుక్కోవడం, మందకు దూరంగా నిలబడడం కనిపిస్తే వెంటనే పట్టుకుని చూడాలి. రెండోది, గొర్రెలకు రాగి విషం. పందులకు, కోళ్లకు చేసిన దాణాలో రాగి ఎక్కువ ఉంటుంది, అది గొర్రెలకు పెడితే చచ్చిపోతాయి. దాణా డబ్బాలు ఒకే రంగువి కొనకండి, ఒకే చోట పెట్టకండి. కొత్త వాలంటీర్‌కి మొదటి రోజు చెప్పే మాటల్లో ఇది ఉండాలి.

ప్రభుత్వ నియమాలు మీరు ఊహించిన దానికంటే ఎక్కువ. ఒక్క గొర్రెను ఉంచినా మీ భూమికి హోల్డింగ్ నంబరు (జంతువుల్ని ఉంచే భూమికి ప్రభుత్వం ఇచ్చే నంబరు) ఉండాలి, మందకు గుర్తింపు నంబరు ఉండాలి, గొర్రెల చెవులకు గుర్తింపు బిళ్లలుండాలి, రాకపోకల రికార్డు రాయాలి. బయటి నుంచి గొర్రె ఒకటి వస్తే ఆరు రోజుల పాటు మీ జంతువుల్ని మామూలుగా బయటికి పంపలేరు. పంది వస్తే పందుల విషయంలో అది ఇరవై రోజులు. పండగలకు జంతువుల్ని తీసుకెళ్దామని ఎవరైనా మాటిచ్చేస్తే ఇక్కడే ఇరుక్కుంటారు. 2024 అక్టోబరు 1 నుంచి ఇంగ్లండ్‌లో ఒక్క కోడిని పెంచినా నమోదు చేయాలి. పక్షుల ఫ్లూ ఆంక్షలు వచ్చినప్పుడు కోళ్లను లోపలే ఉంచాలి, కాబట్టి అంత చోటున్న గూడు ముందే ఉండాలి. జంతువు చచ్చిపోతే పొలంలో పూడ్చకూడదు, అనుమతి ఉన్న వాహనానికి అప్పగించాలి. మన ఊళ్లలో చింతచెట్టు కింద గొయ్యి తీసిన అలవాటుతో ఇక్కడ ఆలోచించొద్దు.

ఇంకొకటి, ఇంట్లో మిగిలిన అన్నం, రొట్టె, కూరగాయ తొక్కలు కోళ్లకూ పందులకూ వేయడం ఇక్కడ నేరం. మనకు ఇది చాలా వింతగా అనిపిస్తుంది, మిగిలింది పశువుకు పెట్టడం పుణ్యమని పెరిగినవాళ్లం. కానీ 2001లో గాలికుంటు వ్యాధి ఇక్కడ మొదలైంది నార్తంబర్లాండ్‌లో హెడన్ గ్రామం దగ్గర, వంట వ్యర్థాలు తిన్న పందుల పాకలో. 60 లక్షలకు పైగా జంతువుల్ని చంపారు. ఆ ఏడాది సంగతి ఈ ప్రాంతం రైతుల ముందు ఎత్తితే ఇప్పటికీ మౌనంగా అయిపోతారు. కాబట్టి మీ వంటింటి ప్రదర్శనలో మిగిలిన గంజి సైతం జంతువుల దాకా పోకూడదు. గేటు దగ్గర బోర్డు పెట్టండి, వాలంటీర్లకు కారణం వివరించండి. కారణం తెలిసినవాళ్లు నియమం తప్పరు.

పిల్లలు గొర్రెను తాకాలంటే చేతులు కడుక్కునే చోటు ముందు కట్టండి, ఇల్లు తర్వాత కట్టండి. 2009లో సర్రీలోని గాడ్‌స్టోన్‌లో ఒక ఓపెన్ ఫామ్‌కి వెళ్లిన 93 మందికి ఇ-కోలై ఓ157 అనే బ్యాక్టీరియా సోకింది, ఎక్కువమంది చిన్నపిల్లలు, కొందరికి కిడ్నీలు దెబ్బతిన్నాయి. ఆ తర్వాత వచ్చిన మార్గదర్శకాలు స్పష్టంగా ఉన్నాయి: పారే నీళ్లు, సబ్బు, పెద్దవాళ్ల పర్యవేక్షణ. చేతికి రాసుకునే జెల్ దానికి బదులు కాదు, మట్టి పేడ అంటిన చేతిమీద అది పనిచేయదు. తినే చోటు, జంతువుల చోటు వేరువేరుగా ఉండాలి. గర్భిణులు ఈనే గొర్రెల దగ్గరికి రాకూడదని కూడా రాసిపెట్టండి. పదో శతాబ్దంలో కుళాయి లేదు కదా అని మీ గుంపులో ఒకరు అంటారు. కుళాయిని తడిక వెనక పెట్టొచ్చు, లేకుండా మాత్రం తెరవొద్దు.

ఇళ్ల విషయానికొస్తే, ఒక్కటి కట్టండి. ఒక్కటే. ఏ ఇల్లు కట్టాలన్న ప్రశ్నకు జవాబు మీ చుట్టుపక్కలే ఉంది. డెన్మార్క్‌లో కనిపించే వంపు గోడల పెద్ద చెక్క ఇళ్లు చూడముచ్చటగా ఉంటాయి కానీ, యార్క్‌షైర్ డేల్స్‌లో రిబుల్‌హెడ్ దగ్గర 1970లలో పురావస్తు తవ్వకాల్లో బయటపడ్డ పొలం వేరు. అక్కడ గోడలు సున్నపురాయివి. తొమ్మిదో శతాబ్దపు నాణేలు, తిరగలి రాయి దొరికాయి. ఆ ఇంట్లో ఉన్నది స్కాండినేవియా నుంచి వచ్చినవాళ్లా, అప్పటికే అక్కడున్న ఆంగ్లియన్లా (పాత ఇంగ్లిషువాళ్లా) అన్నది ఆ నాణేలు చెప్పవు. మీరు చూపించాల్సింది సరిగ్గా ఆ అనిశ్చితినే. సందర్శకులకు ఖచ్చితంగా తెలిసింది ఇది, మా ఊహ ఇది అని విడదీసి చెప్పే పొలం మీద నమ్మకం పెరుగుతుంది.

ఈ మాటకు మంచి ఉదాహరణ ట్రెల్లెబోర్గ్. డెన్మార్క్‌లో ఆ వలయాకారపు కోట తవ్వకాల ఆధారంగా 1942లో ఒక ఇల్లు తిరిగి కట్టారు. ఇంటి బయట వరసగా దొరికిన స్తంభాల గుంతలు చూసి, చుట్టూ వరండా ఉండేదని భావించి అలాగే నిర్మించారు. తర్వాత తవ్వకాల్లో ఆ స్తంభాలు ఏటవాలుగా నిలబడి గోడకు ఆనుకుని బలమిచ్చేవని తేలింది. దాంతో 1985లో ఫ్యూర్కాట్ దగ్గర 28.5 మీటర్ల పొడవున కట్టిన ఇంటికి వరండా లేదు, బయట ఏటవాలు దన్నులున్నాయి. రెండిళ్లనూ పక్కపక్కన పెట్టుకుని చూస్తే పురావస్తుశాస్త్రం ఎలా నడుస్తుందో ఏ పుస్తకం కంటే బాగా అర్థమవుతుంది. మీ ఇంటికి కూడా ఏ గుంత ఆధారంగా ఏ కర్ర పెట్టారో ఒక పుస్తకంలో రాసి ఉంచండి. పదేళ్ల తర్వాత వచ్చే వాలంటీర్‌కి అదే ఆస్తి.

గోడ తడికెలతో అల్లి మట్టి మెత్తేదైతే మనకు ఆ పని కొత్త కాదు. బంకమట్టి, ఇసుక, గడ్డి, పేడ, అవే పాళ్లు. మొదటిసారి ఆరినప్పుడు పగుళ్లు వస్తాయి, భయపడక రెండో పూత వేయాలి. ఇక్కడి వానకు చూరు బాగా ముందుకు రావాలి, గోడ కింది అడుగు భాగం ప్రతి వసంతంలో మళ్లీ మెత్తాలి. నేలలో పాతిన కర్ర కుళ్లేది సరిగ్గా నేల మట్టం దగ్గరే. గాలీ తేమా కలిసేది అక్కడే కాబట్టి, ఏటా ఒక ఇనుప సూదితో గుచ్చి చూడండి. పూరికప్పు, మధ్యలో పొయ్యి ఉన్న ఇల్లు ఎంత త్వరగా పోతుందో 2021 జూన్‌లో స్కాట్లండ్ చూసింది. లాక్ టే సరస్సు మీద ఇనుప యుగపు నమూనాలో కట్టిన గుండ్రని ఇల్లు నిమిషాల్లో బూడిదైంది. మనుషులకు ఏమీ కాలేదు, కానీ ఏళ్ల శ్రమ పోయింది. వాళ్లు తమ కేంద్రాన్ని వేరేచోట 2024లో మళ్లీ తెరిచారు. పొయ్యి వెలిగించినంతసేపూ లోపల ఒక మనిషి ఉండాలి, ఆర్పాక కూడా అరగంట కూర్చోవాలి. నిప్పు దగ్గరున్న మనిషికి ఆ రోజు ఇంకో పని అప్పగించకండి.

పొగ గురించి ఎవరూ ముందు చెప్పరు, అందుకే కాస్త ఎక్కువ చెబుతున్నాను. వైకింగ్ ఇంటికి పొగగొట్టం లేదు. పొయ్యి నేల మధ్యలో ఉంటుంది, పొగ కప్పు దాకా లేచి చివర్లలోని రంధ్రాల నుంచి పోతుంది. డెన్మార్క్ పరిశోధకులు ఇలా తిరిగి కట్టిన రెండు ఇళ్లలో గాలిని కొలిచారు. సన్నని ధూళి ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిమితిని ఎన్నో రెట్లు దాటింది. కట్టెల పొయ్యి ముందు వంగి ఊదిన మన అమ్మమ్మల తరం ఆడవాళ్ల దగ్గు ఎక్కణ్నుంచి వచ్చిందో, ఇక్కడా అదే గాలి. గంటసేపు వచ్చిపోయే సందర్శకుడికి ఫరవాలేదు. రోజంతా లోపల కూర్చుని గంజి కాచే వాలంటీర్‌కి ఫరవా ఉంది. బాగా ఎండిన గట్టి కట్టె మాత్రమే వాడండి, రెండు గంటలకోసారి మనిషిని మార్చండి, ఆస్తమా ఉన్నవాళ్లను ఆ పనికి పెట్టకండి, కార్బన్ మోనాక్సైడ్ అలారం ఒకటి దూలం వెనక కనిపించకుండా పెట్టండి. ఎవరైనా రాత్రి ఆ ఇంట్లో పడుకుంటామంటే, నిప్పులు ఎర్రగా ఉండగా వద్దు.

బట్టల సంగతి ఇక్కడే కలుస్తుంది. ఉన్ని, నార బట్ట నిప్పురవ్వ పడితే ముడుచుకుంటుంది లేదా మసి అవుతుంది. పాలిస్టర్ కరిగి ఒంటికి అతుక్కుంటుంది. పొయ్యి దగ్గర నూలు చీర కట్టుకోమని మన పెద్దవాళ్లు చెప్పిన కారణం ఇదే. కాబట్టి చవకగా దొరికే పండగ దుస్తులు వద్దని చెప్పడానికి చరిత్ర ఒక్కటే కారణం కాదు, ప్రాణం కూడా కారణం. కొత్తవాళ్లకు ఖర్చు కాకుండా ఒక పెట్టెలో అన్ని కొలతల్లో ఉన్ని అంగీలు కుట్టి ఉంచండి. కొమ్ముల హెల్మెట్ మాత్రం ఎవరు తెచ్చినా లోపలికి రానివ్వకండి. అది పంతొమ్మిదో శతాబ్దపు జర్మన్ ఒపెరా వేదిక మీది వేషం. నార్వేలో యెర్ముండ్‌బూ దగ్గర దొరికిన అసలు వైకింగ్ శిరస్త్రాణానికి కొమ్ములు లేవు. వంటలో బంగాళదుంప, టమాటా, మిరపకాయ ఉండకూడదు. అవి అమెరికా నుంచి శతాబ్దాల తర్వాత వచ్చాయి. మన గోంగూర పచ్చడిలో మిరపకాయ కూడా అలాగే వచ్చిందని పిల్లలకు చెబితే ఆశ్చర్యపోతారు. బార్లీ, రై, బఠానీ, బీన్స్, క్యాబేజీ, ఉల్లి, పాలు, వెన్నతో చాలా వండొచ్చు. తిరగలి తిప్పే చోట పిల్లలు వరస కడతారు. అక్కడ మీ ఇంట్లో తిరగలి చూసిన మనిషిని కూర్చోబెట్టండి, మిగతావాళ్లకు చెయ్యి ఎలా తిప్పాలో మనవాళ్లే నేర్పగలరు.

ఇప్పుడు మీరు అడిగిన అసలు సంగతి, మనుషుల్ని నిలుపుకోవడం. వాలంటీర్ మానేసేది పని కష్టమైనందుకు కాదు. శనివారం పొద్దున్నే గంట ప్రయాణం చేసి వచ్చాక ఏం చేయాలో చెప్పేవాళ్లు లేకపోతే మానేస్తారు. తనను అడగకుండా నిర్ణయం జరిగిపోతే మానేస్తారు. పదిసార్లు పేడ ఎత్తినా ఒక్కసారీ మగ్గం దగ్గర కూర్చోనివ్వకపోతే మానేస్తారు. కాబట్టి ప్రతి రోజుకూ ఒక బాధ్యుడి పేరు రోటాలో ఉండాలి, వచ్చినవాళ్లకు ఆ పూటలో పూర్తయ్యే పని అప్పగించాలి. "కంచె చూడండి" అనకండి. "వాగు వైపు మూడు గుంజలు మార్చాలి, కొత్తవి షెడ్డు వెనక ఉన్నాయి" అనండి. ఇంటికి వెళ్లేటప్పుడు తాను చేసింది వెనక్కి తిరిగి చూసుకోగలగాలి. మధ్యాహ్నం టీ అందరూ ఒకచోట కలిసి తాగాలి. ఇది చిన్న విషయంలా ఉంటుంది, కానీ కమిటీలో తెగని తగాదాలు అక్కడ తెగుతాయి.

తగాదాలు ఉంటాయి. ఇలాంటి గుంపుల్లో కత్తియుద్ధం కోసం వచ్చేవాళ్లు, నేత వంట చేతిపనుల కోసం వచ్చేవాళ్లు, జంతువుల కోసం వచ్చేవాళ్లు అని మూడు రకాలు ఉంటారు. కత్తులవాళ్లకు ప్రేక్షకులు కావాలి, జంతువులవాళ్లకు నిశ్శబ్దం కావాలి. ముగ్గురూ ఒకరికొకరు అవసరమే. ప్రదర్శన రోజున వందలమందిని రప్పించేది కత్తులవాళ్లే. అయితే సంవత్సరం పొడవునా పొలాన్ని బతికించేది మిగతా ఇద్దరు. నేను ఒక్క నియమం పెట్టమంటాను: కత్తి పట్టాలనుకున్న ప్రతి ఒక్కరికీ నెలకొక చలికాలపు పూట ఉండాలి. మొదట గొణుగుతారు, తర్వాత వాళ్లలోనే మంచి కాపరులు బయటపడతారు.

రోటా పక్కాగా ఉండేలా చూసుకోండి, కానీ ప్రతి పని ఇద్దరికి తెలిసి ఉండాలి. గొర్రెలకు ఇంజెక్షన్ ఇవ్వగలిగింది ఒక్కరే అయితే, ఆ మనిషి కూతురి పెళ్లికి ఊరెళ్లిన వారం మీకు గండం. అధ్యక్షుడి పదవికాలం మొదటి రోజే రాసిపెట్టండి. మూడేళ్లు, మరో మూడేళ్లు, తర్వాత తప్పనిసరిగా దిగాలి. స్థాపించినవాళ్ల ప్రేమే కొన్నిసార్లు కొత్తవాళ్లకు అడ్డమవుతుంది, ఆ సంగతి ముందే కాగితం మీద తేల్చుకుంటే తర్వాత ఎవరి మనసూ నొచ్చుకోదు. ప్రయాణ ఖర్చులు అసలు రసీదు చూపించినంతే ఇవ్వండి. రోజుకింత అని ఇస్తే అది జీతమా అన్న చిక్కు వస్తుంది. మీ దగ్గరి యూనివర్సిటీల్లోని తెలుగు విద్యార్థులు వస్తామంటే సంతోషమే. కానీ వీసాలో అప్పుడప్పుడు సాయం చేయడం వేరు, ఫలానా రోజు ఫలానా గంటలకు తప్పక రావాలన్న ఒప్పందం వేరు. రెండోది వాళ్ల వారపు పని గంటల్లో కలుస్తుంది. వాళ్లను కచ్చితమైన డ్యూటీలో పెట్టే ముందు యూనివర్సిటీ వీసా విభాగాన్ని అడిగి రమ్మనండి.

మనలాంటివాళ్లు ఆ బట్టల్లో ఎబ్బెట్టుగా ఉంటారా అన్నారు. అడుగుతారు, నిజమే. ఎక్కువగా పిల్లలు, మనసులో ఏమీ లేకుండా అడుగుతారు. వాళ్లకు ఇవి చెప్పండి. మీ పొలానికి దగ్గర్లోనే, హారొగేట్ ప్రాంతంలో 2007లో వేల్ ఆఫ్ యార్క్ అనే వైకింగ్ కాలపు నిధి దొరికింది. 600కు పైగా నాణేల్లో మధ్య ఆసియాలోని సమర్‌కంద్‌లో ముద్రించింది కూడా ఉంది. స్వీడన్‌లో హెల్గో ద్వీపంలో 1950లలో జరిగిన తవ్వకాల్లో, భారత ఉపఖండపు వాయవ్య మూల నుంచి వెళ్లిన చిన్న కంచు బుద్ధ విగ్రహం బయటపడింది. ఎన్ని చేతులు మారి అంత దూరం వెళ్లిందో. యార్క్ కాపర్‌గేట్ తవ్వకాల్లో వైకింగ్ కాలపు పట్టు టోపీ దొరికింది, ఆ కాలంలో ఇంగ్లండ్‌లో పట్టు తయారయ్యేది కాదు. ఇవి చెప్పాక, నేను ఇక్కడ ఈ ఊరి చరిత్రను చూసుకుంటున్నాను, ఎందుకంటే నేను ఈ ఊళ్లో ఉంటున్నాను అని చెబితే చాలు. మీ చర్మం రంగు గురించి ఎవరికీ సంజాయిషీ ఇవ్వక్కర్లేదు.

దీనికి సంబంధించి ఇంకో సంగతి గట్టిగా చెప్పాలి. వైకింగ్ గుర్తుల్ని, రూనిక్ అక్షరాల్ని (వాళ్ల పాత లిపిని) జాతి విద్వేషం కోసం వాడుకునేవాళ్లు యూరప్‌లో ఉన్నారు. వాళ్లలో ఒకరిద్దరు ఏదో ఒక రోజు మీ గేటు దగ్గరికి వాలంటీర్లుగా వస్తారు. ఈ పొలం అందరిదీ, ఇక్కడ అలాంటి మాటలకూ బొమ్మలకూ చోటు లేదని మీ నియమావళిలో రెండు వాక్యాలు మొదటి నుంచీ ఉండాలి. ఆ రోజు వచ్చాక రాద్దామంటే కమిటీ రెండుగా చీలుతుంది. ముందే ఉంటే కార్యదర్శిగా మీరు చేతిలో కాగితంతో నిలబడి మాట్లాడగలరు.

డబ్బు గురించి క్లుప్తంగా. నమోదైన ఛారిటీగా, సొంత పేరున భూమి తీసుకోగల సీఐఓ (ఛారిటీల కోసమే ఉన్న చట్టబద్ధ సంస్థ) రూపంలో పెట్టండి. లేకపోతే లీజు మీద సంతకం పెట్టినవాళ్ల ఇళ్లకే బాధ్యత చుట్టుకుంటుంది. ప్రజా బాధ్యత బీమా తప్పనిసరి. నిలకడైన ఆదాయం పండగల్లో లేదు, బడిపిల్లల్లో ఉంది. ఇంగ్లండ్ ప్రాథమిక పాఠశాలల పాఠ్యప్రణాళికలో ఏడు నుంచి పదకొండేళ్ల పిల్లలకు వైకింగులు తప్పనిసరి అంశం, కాబట్టి ఏటా కొత్త తరగతి వస్తూనే ఉంటుంది. కానీ వాళ్లు వచ్చేది పనిరోజుల్లో. పనిరోజుల్లో మీకు ఎవరున్నారు? రిటైరైనవాళ్లు, షిఫ్టుల్లో పనిచేసేవాళ్లు. వాళ్లను వెతికి పట్టుకోండి, వాళ్లకు పిల్లల దగ్గర పనిచేయడానికి కావాల్సిన డీబీఎస్ (నేరచరిత్ర) తనిఖీలు ముందే చేయించండి, వాలంటీర్లకు దానికి ప్రభుత్వ రుసుము లేదు. టీచర్ మొదట అడిగేది మరుగుదొడ్డి ఎక్కడ, బస్సు ఎక్కడ తిరుగుతుంది అన్నవే. రెండూ పొడి నేల మీద ఉండాలి.

ఇక లీజు. రైతు ఇస్తానన్నది ఐదేళ్లైతే కట్టకండి, జంతువులతో తృప్తిపడండి, లేదా ఖాళీగా వదిలేయండి. నేలలో స్తంభాలు నాటిన ఇల్లు ఇరవై ఏళ్లకు పైగా నిలబడుతుంది, దాన్ని కట్టడానికే మూడు నాలుగేళ్లు పోతాయి. ఇరవై ఐదేళ్లకు తక్కువ కాకుండా అడగండి. ఏడేళ్లు దాటిన లీజు ల్యాండ్ రిజిస్ట్రీలో నమోదు చేయాలి, ఆ ఖర్చు ఎవరిదో ముందే మాట్లాడుకోండి. వ్యవసాయ భూమిలో సందర్శకుల్ని రానివ్వడానికి కౌన్సిల్ ప్లానింగ్ అనుమతి కావాలి, అది రాకముందే సంతకం పెడితే కట్టలేని భూమికి అద్దె కడతారు. అనుమతి వస్తేనే లీజు అమల్లోకి వస్తుందన్న షరతు పెట్టమనండి. నీళ్ల పైపు ఎవరి భూమి మీదుగా వస్తుందో, చలికాలంలో బస్సు వచ్చే బాట ఎవరు బాగుచేయాలో రాయించండి. రైతు మంచివాడే కావచ్చు, ఆయన తర్వాత కొడుకు భూమి అమ్మొచ్చు. అమ్మినా లీజు కొనసాగుతుందనీ, ముగిసినప్పుడు ఇళ్లను విప్పి దూలాలు తీసుకెళ్లే హక్కు మీదేననీ స్పష్టంగా ఉండాలి. వీటి మీద మీ ఊళ్లో భూ వ్యవహారాలు చూసే సొలిసిటర్‌తో ఒక గంట కూర్చోండి, ఛారిటీ అంటే కొందరు ఆ మొదటి గంటకు ఫీజు తీసుకోరు. రైతు గారు ఇచ్చిన ముసాయిదా ప్రతిని, మీ వాళ్లు జనవరి రోటాలో రాసిన పేర్లను కలిపి పంపితే ఎన్ని గొర్రెలతో మొదలుపెట్టొచ్చో సూటిగా చెబుతాను.